బొట్టు పెట్టని పిలుపులు

సంక్రాంతి సెలవుల్లో ఒక పాత సర్టిఫికెట్ నంబరు అవసరమై, నేను చాలా ఏళ్లుగా ఉన్న ఒక ఉద్యోగాల నెట్‌వర్కింగ్ సైటులో మెసేజీలు తిరగేస్తున్నాను. ఆ నంబరు ఎప్పుడో ఎవరికో పంపినట్టు గుర్తు. అది దొరకలేదు గానీ, వెతుకులాటలో ఒక పాత స్నేహితురాలితో నా సంభాషణ తెరుచుకుంది. సంభాషణ అని అలవాటు కొద్దీ అంటున్నాను. అందులో ఉన్నదల్లా ఇదీ: 2018 జూన్‌లో నేను, ‘కంగ్రాట్స్ ఆన్ యువర్ వర్క్ యానివర్సరీ!’ దాని కింద తను, ‘థాంక్స్ సో మచ్!’ సెప్టెంబరులో అదే మాట తను, అదే జవాబు నేను. 2019 జూన్‌లో మళ్లీ. సెప్టెంబరులో మళ్లీ. చీరల కొట్లో ఎదురెదురు అద్దాల మధ్య నిలబడ్డట్టు ఎంత పైకి తోసినా అవే రెండు వాక్యాలు. 2024 దాకా లెక్కపెడితే పాతిక మెసేజీలు తేలాయి. ఏడేళ్లలో ఇద్దరం కలిసి ఒక్క అక్షరం టైపు చేయలేదు. అన్నీ సైటు రాసిపెట్టినవే. మేం వేలు ఆనించామంతే.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. లెక్క తప్పితే వదలబుద్ధి కాదు. ఏడాదికి నాలుగు చొప్పున ఏడేళ్లకి ఇరవై ఎనిమిది ఉండాలి కదా, మూడు ఏమయ్యాయని చూశాను. మూడూ 2021లోవే. ఆ జూన్‌లో నేను పంపిన దానికి జవాబు లేదు. సెప్టెంబరులో తన నుంచి ఏమీ రాలేదు కాబట్టి నా థాంక్సూ లేదు. బిజీగా ఉండుంటుందిలే అనుకుని ఫోన్ పక్కన పడేశాను.

మూడు రోజుల తర్వాత, మా ఇద్దరితో కలిసి పనిచేసిన మరొకాయన ఫోన్‌లో ఏదో మాట్లాడుతూ, ‘వాళ్లమ్మగారు సెకండ్ వేవ్‌లో పోయారు కదా, అప్పట్నుంచి తను అటు కాకినాడ వైపు రావడమే మానేసింది’ అన్నాడు. నాకు తెలుసనుకుని అన్నాడు. నాకు తెలీదు.

ఆవిడ నాకు అన్నం పెట్టిన మనిషి. మాదాపూర్‌లో మేం పక్కపక్క సీట్లలో కూర్చున్న నాలుగేళ్లూ కూకట్‌పల్లి నుంచి రెండు డబ్బాలు వచ్చేవి. ఒకటి కూతురికి, ఒకటి ‘హాస్టల్ తిండి తినే ఆ పిల్లకి’. మూత తీస్తే మాగాయ పెరుగుపచ్చడి, దాని పక్కన విడిగా చిన్న ప్లాస్టిక్ కవర్లో నాలుగు వడియాలు, మెత్తబడకుండా. 2014 జూన్‌లో తను పుణె వెళ్లిపోయింది. 2021 మే నెలలో అమ్మ పోయింది. ఆ తర్వాత నెల తిరక్కుండా, అక్కడి ఉద్యోగంలో ఏడేళ్లు పూర్తయినందుకు నేను తనకి అభినందనలు చెప్పాను, ఆశ్చర్యార్థకంతో సహా.

ఆ రాత్రి సైటు మీద విపరీతంగా కోపం వచ్చింది. బ్లాగులో తిట్టిపోద్దామని కూర్చున్నాను కూడా. తెల్లారి చదువుకుంటే అందులో సగం వాదనలు నిలబడేలా లేవు. సైటుకి వాళ్లమ్మగారి సంగతి ఎలా తెలుస్తుంది? తెలియాల్సింది నాకు. ఆ పోస్టు చింపేసి, నెమ్మది మీద రాస్తున్నది ఇది.

ఉభయకుశలోపరి

మొదట అనుకున్న వాదన సులువైనది. ఎవరో రాసిపెట్టిన వాక్యంతో పలకరించడం పలకరింపే కాదు అని. కానీ మా ఇంట్లో రేకు పెట్టెలో నాన్న తాతయ్యకి రాసిన ఇన్‌లాండ్ కవర్లు ఉన్నాయి. వాటిని చూశాక ఆ వాదనని నేనే నమ్మలేకపోయాను. ప్రతి ఉత్తరమూ ఒకే తీరు. ‘మహారాజశ్రీ పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను.’ ఇక్కడికి నీలం కాగితంలో పావు వంతు అయిపోయేది. నడుమ అసలు సంగతి, అంటే ఎరువుల బాకీయో, గేదె ఈనడమో. ఆఖర్న మళ్లీ అందరికీ పేరుపేరునా నమస్కారాలు. తమాషా ఏమిటంటే ఒక ఉత్తరంలో ఉభయకుశలోపరి అని రాసిన కింది వరసలోనే మామ్మకి పది రోజులుగా జ్వరం తగ్గలేదని ఉంది. కుశలం ఎక్కడుందని తాతయ్య అడగలేదు. ఆ మాట అక్కడ ఉండాలి కాబట్టి ఉంది.

తంతి, అంటే టెలిగ్రాం, ఇంకో మెట్టు పైన. మా పెద్ద మామయ్య తంతి ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. శుభాకాంక్షల తంతి పంపాలంటే వాక్యం చెప్పక్కర్లేదు, నంబరు చెబితే చాలు. దీపావళికో నంబరు, పెళ్లికో నంబరు, పరీక్ష ప్యాసయితే ఒకటి, బిడ్డ పుడితే ఒకటి. ఇక్కడ నంబరు కొడితే అవతలి ఊళ్లో బొమ్మలున్న కాగితం మీద ఇంగ్లీషు వాక్యం దిగేది. మాఘమాసం ముహూర్తాల్లో పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకటే నంబరు కొట్టేవాళ్లమని మామయ్య నవ్వుతాడు. 2013 జులైలో దేశమంతటా తంతి సర్వీసు మూసేసిన రోజు మాత్రం నవ్వలేదు.

మరి ఆ నంబరుకీ ఈ బటనుకీ తేడా ఏమిటి? సంక్రాంతి నుంచీ నన్ను తినేస్తున్న ప్రశ్న ఇదే. రెండూ తయారు మాటలే. రెండిట్లోనూ పంపేవాడు రాసింది ఏమీ లేదు. మామయ్యనే అడిగాను. ఆయన పెద్దగా ఆలోచించకుండానే, ‘నా కౌంటర్ దగ్గరికి వచ్చేవాడు సైకిలేసుకుని వచ్చేవాడే! ఎండలో. క్యూలో నిలబడేవాడు. నంబరు నేను చెప్పేవాణ్ణి, పెళ్లి సంగతి వాడికే గుర్తుండేది’ అన్నాడు.

కార్డు పోస్టులో వచ్చింది

మామయ్య మాటతో నాకు ఇంకో సంగతి వెలిగింది. మనవాళ్లలో పెళ్లి శుభలేఖ మీద మాటలు ఎవరైనా చదువుతారా? ముహూర్తం, ఊరు, కల్యాణ మండపం పేరు చూసి టీవీ మీద పెడతారు. మాటలు ఊరందరికీ ఒకటే, ప్రెస్సువాడు చూపించిన నమూనాల్లో మూడోది. అయినా సరే, ఆ కార్డు మీద ఎన్ని అలకలు! ‘కార్డు పోస్టులో పంపారు, వచ్చి బొట్టు పెట్టి పిలవలేదు.’ ‘వచ్చారు గానీ గుమ్మంలోంచే ఇచ్చి వెళ్లిపోయారు.’ ‘తమ్ముణ్ణి పంపారు, తను రాలేదు.’ మా అత్తయ్య ఒకావిడ ఇరవై ఏళ్లయినా ఒక గృహప్రవేశం సంగతి మరిచిపోలేదు. అందులో తప్పు కార్డుది కాదు, వాక్యంది కాదు. కార్డు చేతికి రావడానికి ఎవరి కాళ్లు కదిలాయన్నదే అక్కడ లెక్క.

చిన్నప్పుడు ఇదంతా చాదస్తంగా కనిపించేది. ఇప్పుడూ కొంత చాదస్తమే. మూడు వందల ఇళ్లకి తిరిగి బొట్టు పెట్టాలంటే పెళ్లివాళ్ల ప్రాణం పోతుంది. కానీ ఆ చాదస్తంలో ఒక నిక్కచ్చి లెక్క ఉంది. మాట అందరికీ ఒకటే అయినప్పుడు మనిషి విలువ మాటలో కనపడదు, మాట వెనక పడ్డ శ్రమలో కనపడుతుంది. తంతి పంపినవాడు సైకిలు తొక్కాడు. నాన్న, ఉభయకుశలోపరి తర్వాత ఖాళీగా మిగిలిన ముప్పావు కాగితం నింపాడు. నేను జూన్ 2021లో ఏం చేశాను? బస్సులో కూర్చుని, పైనుంచి కింది దాకా వరసగా ఎనిమిది మందికి ‘కంగ్రాట్స్’ నొక్కాను. ఎనిమిదిలో తను ఎన్నోదో నాకు తెలీదు.

ఇక్కడ నన్ను నేను కొంచెం నిలదీసుకోవాలి. శ్రమే కొలమానమైతే ఫోన్ వచ్చినప్పుడు ఉత్తరం చచ్చింది, వాట్సాప్ వచ్చినప్పుడు ఫోన్ చచ్చింది అని ప్రతి తరమూ ఏడవొచ్చు. మా అమ్మ ఇప్పుడు దుబాయ్‌లో ఉన్న తమ్ముడితో రోజూ వీడియో కాల్ మాట్లాడుతుంది, కాలు కదపకుండా. అది తక్కువ పలకరింపా? కాదు. ఎందుకంటే వాణ్ణి తలుచుకున్నది అమ్మ. కాళ్ల నొప్పి తగ్గినా ఫర్లేదు, తలపు ఎవరిదన్నదే అసలు సంగతి. ఫోను మన నడకని తగ్గించింది. ఆ సైటు బటను మన బదులు తలుచుకుంటోంది కూడా. నా అభ్యంతరం ఆ రెండో పని మీద.

‘కంగ్రాట్స్ వెంకట!’

ఒక నవ్వొచ్చే సంగతి చెప్పి ముందుకెళ్తాను. నా మొదటి ఉద్యోగంలో మేనేజర్ ఒకాయన ఉండేవారు. అందరికీ రావు సార్. ఇప్పుడు అరవై దాటాయి, ఏదో కాలేజీలో సలహాదారుగా చేరారు. సైటు చెప్పింది, నేను నొక్కాను. సాయంత్రం ఫోన్.

‘ఏమ్మా, నేను నీకు వెంకటని ఎప్పట్నుంచీ?’

తీసి చూస్తే, ‘కంగ్రాట్స్ వెంకట!’ అని వెళ్లింది. ఆయన పేరులో మొదటి ముక్క అది. మనవాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, లేదా వెంకట, సత్య, లక్ష్మి లాంటివి ముందుంటాయి, పిలిచే పేరు ఎక్కడో ఆఖర్న. దరఖాస్తులో మొదటి పేరు అన్న గడిలో ఏది పడితే అది పిలుపైపోతుంది. మా టీమ్‌లో ఒకబ్బాయిని సగం ప్రపంచం ఇంటిపేరుతో పిలుస్తుంది, పాపం పలుకుతాడు. రావు సార్‌ని వాళ్లావిడ కూడా వెంకట అని పిలిచి ఎరగదు.

ఆయన నవ్వేశారు. నేను మాత్రం సిగ్గుపడ్డాను. తెలుగులో ఒక మనిషిని పలకరించాలంటే నోరు తెరవకముందే ఒక లెక్క తేల్చుకోవాలి. నువ్వా, మీరా? గారా, సారా, అన్నా? అమ్మా అనాలా, అక్కా అనాలా, మేడమ్ అనాలా? ఆ లెక్క తేలడానికి వాళ్ల ముఖం ఒక్క క్షణం కళ్ల ముందు కదలాలి. ఆ బటను ఇంగ్లీషులో ఆ ఒక్క క్షణాన్నే లేకుండా చేసింది. రావు సార్‌ ముఖం నాకు గుర్తొచ్చి ఉంటే నా వేలు ఆ బటను మీదికి వెళ్లేదే కాదు. ఫోన్ చేసి, ‘సార్, బాగున్నారా’ అనేదాన్ని.

క్యాలెండరు మీద పెన్సిల్ గీత

గుర్తుచేయడమే తప్పని నేననను. మా ఇంట్లో వెంకట్రామా క్యాలెండరు ఉగాదికే అమ్మ పెన్సిల్ గీతలతో నిండిపోయేది. పెద్దక్క పెళ్లిరోజు, తాతయ్య తద్దినం తిథి, పాల లెక్క, గ్యాసు బుక్ చేసిన తారీకు, అన్నీ ఒకే చోట. ఎవరు పుట్టినా పోయినా కొత్త ఏడాది క్యాలెండరులోకి గీత మార్చేది. అమ్మ జ్ఞాపకశక్తి గొప్పదేం కాదు, ఆ క్యాలెండరు గొప్పది. అయితే ఆ గీత ఎవరి పేరు పక్కన పడాలో అమ్మ తేల్చేది. ఒక ఏడాది మా చిన్నాన్నగారి పేరు క్యాలెండరులో లేదు. స్థలం తగాదా. మరుసటి ఏడాది మళ్లీ ఎక్కింది. ఆ గీతల్లో మా ఇంటి చరిత్ర ఉంది.

సైటు క్యాలెండరులో గీతలు ఎవరు గీస్తారు? పదకొండు వందల మంది నా జాబితాలో ఉన్నారు. అందులో నాకు ముఖం గుర్తొచ్చేది రెండు వందలుండొచ్చు. ఉద్యోగంలో చేరిన తారీకు అనే విషయాన్ని మనుషులు పండగలా ఎన్నడూ చేసుకోలేదు. అది ప్రావిడెంట్ ఫండ్ కాగితాల్లో పనికొచ్చే తారీకు. కానీ సైటు దగ్గర అందరి గురించీ ఉన్న తారీకు అదే, కాబట్టి దాన్నే పండగ చేసింది. నేను నొక్కగానే అవతలి వాళ్ల ఫోన్ మోగుతుంది, మెయిలు వెళ్తుంది, వాళ్లు వచ్చి థాంక్స్ నొక్కుతారు, నా ఫోన్ మోగుతుంది. ఒక అభినందనకి రెండు రాకడలు. రేవులో గాలం వేసేవాడు ఎరని చేప మీద ప్రేమతో గుచ్చడు కదా.

మన పేరు వాడుకుని మన బదులు మాట్లాడటం ఎంతవరకు అన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది కూడా. లింక్డ్ఇన్ అనే ఉద్యోగాల నెట్‌వర్కింగ్ సైటు మీద 2013లో కాలిఫోర్నియాలో కొందరు సభ్యులు దావా వేశారు. మన మెయిలు చిరునామాల పుస్తకం చూసి, మన పేరుతో మన పరిచయస్తులకి ఆహ్వానాలు వెళ్లేవి. వాళ్లు చేరకపోతే ఇంకో రెండు సార్లు గుర్తుచేస్తూ మెయిళ్లు. 2014లో జడ్జి లూసీ కో చేసిన విభజన నాకు భలే నచ్చింది. మొదటి ఆహ్వానానికి సభ్యులు ఒప్పుకున్నట్టే, కానీ ఆ తర్వాతి గుర్తుచేతల మాట వేరు, ఆ మేరకు కేసు నడవాల్సిందే అన్నారు. 2015లో ఆ కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 1.3 కోట్ల డాలర్లకి రాజీపడింది. అంటే ఒకసారి పిలవమన్నంత మాత్రాన, ‘రాలేదేం, రాలేదేం’ అని నా గొంతుతో మళ్లీ మళ్లీ అడగమని చెప్పినట్టు కాదు. మన పల్లెల్లో పిలుపుల మనిషికి కూడా తెలిసిన మర్యాద ఇది.

ఈ బటన్ల లోపల ఏముందో చెప్పే ఇంకో ముచ్చట. 2015లో గూగుల్ తన ఇన్‌బాక్స్ యాప్‌లో మెయిళ్లకి మూడు చిన్న జవాబులు తనే చూపించే పద్ధతి తెచ్చింది. కొన్ని నెలల్లోనే ఫోన్ మీద ఇచ్చే జవాబుల్లో పదో వంతు అవే అయ్యాయి. దాని తొలి నమూనాకి ఒక జబ్బు ఉండేదని వాళ్లే రాశారు. ఏ మెయిలుకైనా సరే ‘ఐ లవ్ యూ’ అని జవాబు చూపించేదట, ఆఫీసు మెయిలుకి కూడా. కారణం సాదా లెక్కే. జనం జవాబుల్లో అది తరచుగా కనిపించే మాట. ఏం చెప్పాలో యంత్రానికి పాలుపోనప్పుడు ఎక్కువమంది అనే మాట అనేస్తుంది. ఆ జబ్బు నయం చేశారు. నాకైతే అది నయం కాలేదనిపిస్తుంది, రూపు మార్చుకుందంతే. ‘కంగ్రాట్స్’ కూడా పాలుపోనప్పుడు అనే మాటే. మనం కూడా అదే పని చేస్తాం లెండి. చావింటికి వెళ్లి ఏమనాలో తెలీక, ‘భోజనాలయ్యాయా’ అని అడిగినవాళ్లని చూశాను. కానీ వాళ్లు వెళ్లారు.

మొదటి వాక్యం అప్పు

ఇంతవరకూ రాసింది మా టీమ్‌లో ఒక అమ్మాయికి చూపించాను. రెండేళ్ల క్రితం చేరింది. కడప జిల్లాలో పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియం. చదివి, మొహమాటంగా, ‘అక్కా, మీరు రాసింది బాగుంది గానీ, నాకు ఉద్యోగం ఆ బటను వల్లే వచ్చింది’ అంది.

ఏమిటంటే, ఇంజనీరింగ్ అయ్యాక ఏడాది ఖాళీగా ఉంది. తన కాలేజీలోనే చదివిన సీనియర్ ఒకాయన హైదరాబాద్‌లో మంచి కంపెనీలో ఉన్నాడు. ఆయనకి మెసేజ్ పెట్టాలి. మూడు వారాలు పెట్టలేదు. ‘డియర్ సర్’ అనాలా, ‘హాయ్’ అనాలా? హాయ్ అంటే పొగరనుకుంటాడా? ‘రెస్పెక్టెడ్ సర్’ అంటే స్కూలు లీవ్ లెటర్‌లా ఉంటుందా? ఒకరోజు ఆయన కొత్త హోదా గురించి సైటు చెప్పింది, కింద ‘కంగ్రాట్స్’ బటను. నొక్కింది. ఆయన ‘థాంక్యూ, హౌ ఆర్ యూ?’ అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబుగా తన సంగతంతా రాసింది, పదకొండు వరసలు, మూడు గంటలు పట్టిందట. ఆయన రెఫర్ చేశాడు. ‘ఇంగ్లీషులో నాకు మొదటి వాక్యం రాదక్కా. అది ఎవరైనా రాసిపెడితే రెండోది నేను రాసుకుంటా.’

దీనికి నా దగ్గర సమాధానం లేదు, ఉండక్కర్లేదు కూడా. నేను బస్సులో ఎనిమిది మందికి నొక్కినదీ, ఆ పిల్ల మూడు వారాలు జంకి ఒక్కరికి నొక్కినదీ ఒకే బటను అని చెప్పడానికి నాకు మనసొప్పదు. తన వేలు వెనక ఒక మనిషి కోసం పడ్డ మూడు వారాల టెన్షన్ ఉంది. ఆ ‘కంగ్రాట్స్’ తనకి ఉభయకుశలోపరి లాంటిది. కింద పదకొండు వరసల కాగితం ఉంది.

అప్పు తెచ్చిన మొదటి వాక్యం మీద నాకు ఇక ఫిర్యాదు లేదు. ఇప్పుడు మొత్తం ఉత్తరమే అప్పుకి దొరుకుతోంది, గుబులంతా దాని గురించి. పోయిన ఏడాది మా దగ్గర ఒక ఖాళీ ఉందని పెడితే నాకు నలభై దాకా మెసేజీలొచ్చాయి. చాలావాటిలో నా ‘అద్భుతమైన ప్రయాణం’ చూసి స్ఫూర్తి పొందామని ఉంది. పదహారేళ్లుగా బగ్గులు రాసుకుంటున్న నాది అద్భుతమైన ప్రయాణమని మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. మధ్యలో ఒకబ్బాయి, వంకర ఇంగ్లీషులో, మా ప్రొడక్టు వాడి చూశాననీ, ఫలానా పేజీలో తారీకు తప్పు పడుతోందనీ రాశాడు. నిజమే, పడుతోంది. అతన్నే ముందు పిలిచాను. కానీ ఆ మిగిలిన వాళ్లలో మా కడప పిల్ల లాంటివాళ్లు ఎందరున్నారో, జంకి జంకి యంత్రం చేత రాయించుకున్నవాళ్లు ఎందరో, నేను వేరు చేయలేకపోయాను. ఈ మాట ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది.

నాలాంటి వాళ్ల గురించే అన్నట్టు, 2023లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. జంటలుగా కూర్చోబెట్టి, యంత్రం చూపే జవాబులు వాడనిచ్చి మాట్లాడించారు. అవి వాడినప్పుడు మాటలు వేగంగా సాగాయి, మంచి మాటలు పెరిగాయి, అవతలి వాళ్లకి దగ్గరతనం కూడా కలిగింది. కానీ ‘ఇతను ఆ జవాబులు వాడుతున్నాడేమో’ అని ఎవరి మీద అనుమానం కలిగితే, వాళ్లని తక్కువగా చూశారు, నిజంగా వాడారా లేదా అన్నదానితో పనిలేకుండా. ఇది చదివాక నా నలభై మెసేజీల మీద నా తీర్పు ఎంత న్యాయమైనదో నాకే సందేహం. వంకర ఇంగ్లీషు అబ్బాయి అదృష్టం, వంకరగా రాయడం. రేపు యంత్రానికి వంకరగా రాయడం కూడా నేర్పుతారు.

ఆపేశాక

సంక్రాంతి అయ్యాక ఆ సైటులో సెట్టింగులకి వెళ్లి ఇలాంటి గుర్తుచేతలన్నీ ఆపేశాను. ఇక నా మనుషుల్ని నేనే తలుచుకుంటానని ఘనంగా అనుకున్నాను. రెండు నెలలు గడిచాక చూసుకుంటే, నేను ఎవర్నీ పలకరించలేదు. ఒక్కర్నీ. బటను ఉన్నప్పుడు ఏడాదికి రెండు మూడు వందల మందికైనా అభినందనలు చెప్పేదాన్ని, అది తీసేస్తే సున్నా. ఇన్నాళ్లూ నా మతిమరుపుని అది కప్పిపెట్టిందన్నమాట. సైటుని తిట్టే హక్కు ఇంకాస్త తగ్గింది. మా కాలంలో అయితేనా అనడానికి కూడా లేదు, అమ్మ క్యాలెండరు పక్కనే పెరిగాను, ఒక్క గీతా నేర్చుకోలేదు.

ఇప్పుడు ఫ్రిజ్ మీద ఒక క్యాలెండరు పెట్టాను. పెన్సిల్‌తో పదిహేడు పేర్లు రాశాను. పదకొండు వందల మందిలోంచి పదిహేడు ఎంచడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది. ఆ పూట నేను ఆలోచించినంత మనుషుల గురించి ఈ పదేళ్లలో ఆలోచించలేదేమో. రావు సార్ ఉన్నారు. పుణె స్నేహితురాలు మొదటి పేరు.

తనకి రాయడానికి మాత్రం ఇంకో వారం పట్టింది. ‘అమ్మగారి సంగతి ఇప్పుడే తెలిసింది’ అని మొదలుపెడితే, నాలుగేళ్లు ఆలస్యంగా తెలియడమే ఒక తప్పులా కనపడింది. అప్పటి నా ‘కంగ్రాట్స్’ గురించి ఎత్తాలా వద్దా? రాసి, చెరిపి, చివరికి మాగాయ గురించి రాశాను. వడియాలు విడిగా కవర్లో పెట్టేవారనీ, అప్పుడు అది నేను గమనించలేదని ఆవిడ అనుకుని ఉంటారనీ, గమనించాననీ. ఆఖర్న ఎప్పుడు ఫోన్ చేయొచ్చు అని అడిగాను. పాతిక మెసేజీల కింద ఇరవై ఆరోది. తెర సగం నిండింది.

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది.

‘ఆ జాడీ నా దగ్గరే ఉంది. పోయిన వేసవిలో నేనే పెట్టాను, ఉప్పు ఎక్కువైంది. ఆదివారం పదకొండు తర్వాత చెయ్యి.’

ఆ మెసేజ్ కింద సైటు మూడు జవాబులు పెట్టింది. బొటనవేలు బొమ్మ ఒకటి, ‘ష్యూర్’ ఒకటి, ‘సౌండ్స్ గుడ్’ ఒకటి. నేను చెప్పదలచుకున్నది కూడా అంతకు మించి లేదు. వాటి పక్కన ఖాళీ గడిలోకి వెళ్లి, తెలుగు కీబోర్డుకి మార్చి, ‘సరే’ అని కొట్టాను.